హ్యాంగర్ వన్ అడ్మిరల్: రిటైర్మెంటుకి ఏడు నెలల ముందు

పోయిన వారం ఎపిసోడ్ విని దోహా నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, ఆ అడ్మిరల్ కథ బాగుంది గానీ, రిటైరయ్యాక ఆయన ఏం చేశాడో చెప్పకుండా ఆపేశారేంటి?" అని. నిజమే, టైం అయిపోయి హడావిడిగా ముగించేశాం. ఆ ప్రశ్నకి జవాబు, ఎపిసోడ్‌లో పట్టని ఇంకొన్ని విషయాలు ఇక్కడ రాస్తున్నా. చదివే ఓపిక లేనివాళ్లకి జవాబు ముందే చెప్పేస్తా: ఆయన రిటైర్ కాలేదు. ఇంకో ఏడు నెలలుంటే అయ్యేవాడు.

ముందు ఈ చోటు సంగతి. సన్నీవేల్ అంటే మనూరి జనానికి కంప్యూటర్ ఇంజనీర్ల ఊరు. నేను ఐటీఐ ఫిట్టర్‌ని, పద్నాలుగేళ్లు గల్ఫ్‌లో చేసి కుటుంబంతో ఇక్కడికొచ్చి సైట్ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నానంటే, ఊళ్లో సగం మంది నమ్మరు. ఇంజనీర్లు కూర్చోడానికి బిల్డింగులు కావాలి కదండీ, అవి ఎవరు కడతారు? రోజూ పొద్దున్నే 101 ఫ్రీవే మీద పనికి పోతుంటే కుడిచేతి పక్క ఒక పెద్ద షెడ్డు కనిపిస్తుంది. షెడ్డు అంటే తక్కువ చేసినట్టే. పొడవు 1,133 అడుగులు, వెడల్పు 308, ఎత్తు 198. కప్పు కింద ఉన్న నేల ఎనిమిదెకరాలు. మా ఊళ్లో ఎనిమిదెకరాల చెక్క ఉన్నవాణ్ణి పెద్ద రైతు అంటారు. ఆ పొలం మొత్తం మీద మధ్యలో ఒక్క స్తంభం కూడా లేకుండా ఒకే కప్పు వేశారనుకోండి, అదీ హ్యాంగర్ వన్. రెండు చివర్లా నారింజ తొనల్లా విచ్చుకునే తలుపులు. ఒక్కో తలుపు బరువు 200 టన్నులు, దాన్ని జరపడానికి 150 హార్స్‌పవర్ మోటారు. 1931లో మొదలుపెట్టి 1933కి నిలబెట్టేశారు. ఇప్పుడున్న టవర్ క్రేన్లు, లేజర్ లెవెళ్లు లేని రోజులవి. ఆ గర్డర్లని చూసినప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది అడ్మిరల్ కాదు, రివెట్లు కొట్టినవాళ్లు. కానీ ఈ పోస్టు అడ్మిరల్ గురించి.

ఆ ప్రాంతమంతటికీ మోఫెట్ ఫీల్డ్ అని పేరు. ఆ పేరు గల మనిషి రియర్ అడ్మిరల్ విలియం ఆడ్జర్ మోఫెట్. 1869 అక్టోబర్ 31న సౌత్ కెరొలినాలోని చార్లెస్టన్ ఊళ్లో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. అన్నాపొలిస్‌లోని నేవల్ అకాడమీలో చేరి 1890లో బయటికొచ్చాడు, అదీ క్లాసులో చివరి వరసలో. ఆ మాట నాకు భలే నచ్చింది. ఐటీఐలో మా ఇన్‌స్ట్రక్టర్ గారు నా గురించి అన్నవి గుర్తుకొచ్చాయి.

1898లో స్పెయిన్‌తో యుద్ధం వచ్చింది. అప్పుడు ఆయన ఉన్న ఓడ పేరు కూడా చార్లెస్టనే. ఆ ఓడ ఫిలిప్పీన్స్‌కి పోతూ దారిలో గువాం దీవిని పట్టుకోవాలి. అక్కడ కోట మీద గుండ్లు పేల్చారు. దీవిలో ఉన్న స్పెయిన్ అధికారులకి యుద్ధం మొదలైందన్న కబురే అందలేదు. ఓడ తమకి గౌరవ వందనం చేస్తోందనుకుని పడవ వేసుకుని వచ్చి, తిరిగి వందనం చేద్దామంటే మా దగ్గర మందుగుండు లేదు, ఏమీ అనుకోకండి అన్నారట. అలా ఒక దీవి చేతికొచ్చింది. దాని వెనకే ఫిలిప్పీన్స్ కూడా అమెరికా చేతికి పోయింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

1914లో మెక్సికోలోని వెరాక్రూజ్ రేవు మీద అమెరికా దిగినప్పుడు మోఫెట్ 'చెస్టర్' అనే ఓడకి కెప్టెన్. దారి చూపే దీపాలు లేని చీకట్లో ఓడని రేవు లోపలికంటా తెచ్చి నిలబెట్టాడు. దానికి మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు, వాళ్ల సైన్యంలో అంతకుమించిన పతకం లేదు. ఆ ఒక్క గొడవకే 50కి పైగా పతకాలు పంచారని, మరీ చవక చేశారని తర్వాత విమర్శలొచ్చాయి. అయినా చీకట్లో, తెలియని రేవులో, ఓడ నడపడం చిన్న పని కాదని ఎవరైనా ఒప్పుకోవాలి. మా విజయనగరం వైపు నుంచి వైజాగ్ హార్బర్లో పనికి పోయినవాళ్లని అడగండి.

ఆ తర్వాత షికాగో దగ్గర గ్రేట్ లేక్స్ శిక్షణ కేంద్రం ఆయన చేతికిచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధంలో లక్షకు పైగా కుర్రాళ్లని అక్కడ నావికులుగా తయారుచేశారు. పాలాల నుంచి, పల్లెల నుంచి వచ్చిన, సముద్రం మొహమే చూడని పిల్లలు. పడుకోడానికి బ్యారక్‌లు, భోజనాలు, బూట్లు, జ్వరాలు, ఇళ్ల మీద బెంగ, అన్నీ చూసుకోవాలి. లేబర్ క్యాంపు నడిపినవాళ్లకి అర్థమవుతుంది. బ్యాండ్ మాస్టర్‌గా దేశమంతా పేరున్న జాన్ ఫిలిప్ సూసాని రప్పించి కుర్రాళ్లకి బ్యాండ్లు పెట్టించాడు. డబ్బున్నవాళ్లతో, పేపర్లవాళ్లతో, రాజకీయ నాయకులతో ఎలా మసలుకోవాలో మోఫెట్ షికాగోలోనే నేర్చుకున్నాడని నా లెక్క. తర్వాత పన్నెండేళ్లూ ఆ విద్యే ఆయన్ని నిలబెట్టింది.

1921లో నేవీలో విమానాల కోసం బ్యూరో ఆఫ్ ఏరోనాటిక్స్ అని కొత్త శాఖ పెట్టి, మొదటి అధిపతిగా మోఫెట్‌ని వేశారు. అప్పటికి ఆయనకి 51 ఏళ్లు. విమానం నడపడం రాదు. మరుసటి ఏడాది పెన్సకోలాలో కుర్రాళ్లతో పాటు కూర్చుని ఎయిర్ అబ్జర్వర్ పరీక్ష పాసయ్యాడు. పని రానివాడు పని చేసేవాళ్ల మీద పెత్తనం చేస్తే వాళ్లు వినరని ఆయనకి తెలుసు.

ఆయనకి ఎదురు నిలబడింది శత్రువులు కాదు, సొంతవాళ్లే. నేవీలో పెద్ద అడ్మిరల్స్‌కి ఫిరంగులున్న యుద్ధనౌకలంటేనే ప్రాణం, విమానాలు పిల్లకాయల ఆట. ఇంకోపక్క ఆర్మీలో బిల్లీ మిచెల్ అనే జనరల్. 1921 జూలైలో పట్టుబడ్డ జర్మన్ యుద్ధనౌక ఒకదాన్ని విమానాల బాంబులతో ముంచి చూపించాడు. ఇక నేవీకి వేరే విమానాలెందుకు, అన్నీ కలిపి ఒకే వైమానిక దళం పెట్టండని ఊరూరా తిరిగి ప్రచారం చేశాడు. మోఫెట్ రెండు వైపులా పోరాడాడు. విమానాలు కావాలి, కానీ అవి నేవీలోనే ఉండాలి అని. కేకలు వెయ్యలేదు. కాంగ్రెస్ సభ్యుల్ని ఒక్కొక్కరినీ కలిశాడు, లెక్కలు చూపించాడు, పేపర్లకి కబుర్లు అందించాడు. మిచెల్ 1925లో పైవాళ్లని బహిరంగంగా తిట్టి కోర్టు మార్షల్‌లో ఇరుక్కున్నాడు. మోఫెట్ ఆ ఏడాదే రెండోసారి, 1929లో మూడోసారి అదే కుర్చీలో కొనసాగాడు.

ఆ పన్నెండేళ్లలో జరిగింది చూడండి. 1922లో బొగ్గు మోసే పాత ఓడకి పైన చెక్క డెక్కు వేసి 'లాంగ్లీ' అనే మొదటి విమానవాహక నౌక చేశారు. 1927కి 'లెక్సింగ్టన్', 'సారటోగా' అనే రెండు మహా ఓడలు వచ్చాయి. 1926లో వెయ్యి విమానాలకి అయిదేళ్ల ప్రణాళిక వచ్చింది. విమానవాహక నౌకలకి, వైమానిక స్థావరాలకి విమానం తెలిసినవాడే అధిపతిగా ఉండాలని చట్టం తెచ్చారు. నాకు అన్నిటికన్నా ఈ చివరిదే పెద్ద పని అనిపిస్తుంది. పని తెలిసినవాణ్ణే పెద్దగా పెట్టాలని కాగితం మీద రాయించుకోవడం ఎంత కష్టమో మనకి తెలుసు. 1942లో పసిఫిక్‌లో జపాన్ మీద గెలుపు మొదలైంది ఈ విమానవాహక నౌకలతోనే. చూడ్డానికి ఆయన లేడు.

ఇక ఆయన తప్పు లెక్క. అదే మన సన్నీవేల్ కథ.

మోఫెట్‌కి ఎయిర్‌షిప్‌ల మీద గట్టి నమ్మకం. తేలికైన లోహపు చట్రం, లోపల హీలియం సంచులు, పైన గుడ్డ తొడుగు. పసిఫిక్ సముద్రం విశాలం, శత్రువు ఓడలు ఎక్కడున్నాయో వెతకాలంటే రోజుల తరబడి గాల్లో ఉండగలిగేది కావాలి, అప్పటి విమానాలకి అంత శక్తి లేదు. ఆలోచన తప్పనలేం. 1928లో రెండిటికి కాంట్రాక్టు ఇచ్చారు: 'ఆక్రన్', 'మేకన్'. ఒక్కోటి 785 అడుగుల పొడవు. ఇప్పటి జంబో జెట్లు మూడు వరసగా పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. కడుపులో చిన్న యుద్ధ విమానాలు పెట్టుకుని, గాల్లోనే కొక్కెంతో కిందికి వదిలి, మళ్లీ కొక్కేనికి తగిలించుకునేవి. చదివినప్పుడు నేను నమ్మలేదు, తర్వాత ఫొటోలు చూశా.

వీటికి పడమటి తీరంలో ఇల్లు కావాలి. శాండియేగో వాళ్లు మాకివ్వండన్నారు. ఇక్కడి బే ఏరియా జనం చందాలు పోగుచేసి, దాదాపు అయిదు లక్షల డాలర్లతో వెయ్యెకరాలు కొని, నేవీకి ఒక్క డాలరుకి ఇచ్చేశారు. 1931లో. దేశమంతా ఉద్యోగాలు పోయి జనం రొట్టెల కోసం వరసలు కడుతున్న రోజులవి, అందుకే ఇచ్చారు. నేల నిజానికి మౌంటెన్ వ్యూ పక్కన ఉంది. కానీ కొండ పేరు వింటే గాలిఓడ వాళ్లు జంకుతారని సన్నీవేల్ పేరు పెట్టారని ఇక్కడ చెప్పుకుంటారు. రియల్ ఎస్టేట్ బుర్ర ఎక్కడైనా ఒకటే.

1932 మేలో ఆక్రన్ పడమటికి మొదటిసారి వచ్చింది. ముందు శాండియేగో దగ్గర క్యాంప్ కెర్నీలో దిగాలి. కింద తాళ్లు పట్టుకోడానికి కొత్తగా చేరిన కుర్రాళ్లని నిలబెట్టారు, వాళ్లలో చాలామందికి ఆ పని తెలియదు. ఎండకి గ్యాసు వేడెక్కి ఓడ పైకి లేచింది. వదిలెయ్యమని అరిచారు. వదలనివాళ్లలో ముగ్గురు తాళ్లతో పాటు ఆకాశంలోకి పోయారు. ఇద్దరు పడి చచ్చిపోయారు. మూడోవాడు తాడుని ఒంటికి చుట్టుకుని వేళ్లాడి, గంట తర్వాత ఓడలోకి చేదుకుంటే బతికాడు. సినిమా కెమెరాలు ఇదంతా తీశాయి. నేను ఆ వీడియో ఒక్కసారే చూశాను. రెండోసారి చూడలేను.

1933 మార్చి 11న రెండో ఓడ మేకన్‌కి పేరు పెట్టింది మోఫెట్ భార్య జానెట్. సన్నీవేల్‌లో షెడ్డు తయారవుతోంది. అక్టోబర్ 31కి ఆయనకి 64 నిండుతాయి, నేవీ రూలు ప్రకారం దిగిపోవాలి. ఏప్రిల్ 3 సాయంత్రం న్యూజెర్సీలోని లేక్‌హర్స్ట్ నుంచి ఆక్రన్ బయలుదేరుతుంటే ఆయన కూడా ఎక్కాడు. తీరం వెంట రేడియో స్టేషన్లని సరిచూసే మామూలు పని, అంత పెద్ద అధికారి ఎక్కాల్సిన అవసరం లేదు. కానీ ఆయన తరచూ ఎక్కేవాడు. తాను కట్టించిన దాంట్లో తాను తిరిగేవాడు. ఈ ఒక్క విషయంలో ఆయన్ని ఎవరూ వేలెత్తి చూపలేరు. సైట్‌కి ఒక్కసారి కూడా రాకుండా ఏసీ రూములో డ్రాయింగు మీద సంతకం పెట్టే పెద్దమనుషుల్ని నేను బోలెడుమందిని చూశాను.

రాత్రి తుఫాను తగిలింది. ఎత్తు చూపే మీటరు గాలి ఒత్తిడిని బట్టి పనిచేస్తుంది. తుఫాను నడుమ ఒత్తిడి పడిపోతే అది ఉన్న ఎత్తు కన్నా ఎక్కువ చూపిస్తుంది. మనం బెంచ్‌మార్క్ తప్పు పెట్టుకుని లెవెల్ తీసినట్టే, ఇక అన్నీ తప్పే. కిందికి జారుతున్న ఓడని ఎత్తుదామని ముక్కు పైకి లేపారు. 785 అడుగుల ఓడ, ముక్కు లేస్తే తోక దిగుతుంది. అర్ధరాత్రి దాటాక పన్నెండున్నర ప్రాంతంలో తోక సముద్రానికి తగిలింది. ఓడలో 76 మంది. ఆ దారిన పోతున్న జర్మన్ ఓడ 'ఫీబస్' వచ్చి నలుగురిని తీసింది, అందులో ఒకరు పోయారు. ముగ్గురు మిగిలారు. 73 మంది చనిపోయారు. అందరూ మాట్లాడుకునే 'హిండెన్‌బర్గ్' ప్రమాదంలో పోయింది 36 మంది. దానికి కెమెరా ఉంది, దీనికి చీకటి.

చాలామంది దెబ్బలు తగిలి పోలేదు. ఏప్రిల్ నెల అట్లాంటిక్ చలినీళ్లలో మునిగి పోయారు. సముద్రం మీద ఎగిరే ఓడలో లైఫ్ జాకెట్లు ఇవ్వలేదు. రబ్బరు పడవ ఒకే ఒక్కటుంది, అది దించే టైం లేదు. ఇది చదివినచోట నేను చాలాసేపు ఆగిపోయాను. పన్నెండేళ్లు కాంగ్రెస్‌తో పోరాడి కోట్లు తెచ్చిన మనిషి, చట్టాలు మార్పించిన మనిషి, జాకెట్ల దగ్గర చూపు ఆనలేదు. బరువు తగ్గాలని లెక్కలు వేసే చోట ముందు ఎగిరిపోయేది ఇవే. నా సంగతీ చెప్పాలి. గల్ఫ్‌లో ఒక సైట్‌లో స్లాబు తేదీ దగ్గరపడిందని, హార్నెస్‌లు చాలకపోయినా ఆరుగురిని పైకి ఎక్కించాను. ఎవరికీ ఏం కాలేదు. ఏం కాలేదు కాబట్టే మర్నాడు కూడా ఎక్కించాను. ఇప్పుడు ఆ మాట పొద్దున్న టూల్‌బాక్స్ టాక్‌లో కొత్తవాళ్లకి చెప్తుంటాను, నా తప్పుగానే.

ఆయన పోయిన ఎనిమిదో రోజు, ఏప్రిల్ 12న, సన్నీవేల్ నేవల్ ఎయిర్ స్టేషన్ మొదలైంది. ఆ ఏడాదే మైదానానికి ఆయన పేరు పెట్టారు. అక్టోబర్ మధ్యలో మేకన్ దేశమంతా దాటి వచ్చి హ్యాంగర్ వన్‌లోకి దూరింది. ఆయన 64వ పుట్టినరోజుకి రెండు వారాల ముందు.

కథ అక్కడ ఆగలేదు. 1934లో మేకన్ ఫ్లోరిడాకి పోతుంటే టెక్సస్ మీద గాలి కుదుపులకి తోక రెక్కల దగ్గర గర్డర్లు విరిగాయి. గాల్లోనే అతుకులు వేసి నెట్టుకుపోయారు. తర్వాత కింది, పక్క రెక్కల దగ్గర బలం చేకూర్చారు. పై రెక్క పని మటుకు వీలు చూసుకుని చేద్దామని వాయిదా వేశారు. మధ్యలో విన్యాసాలున్నాయి, ఓడని ఖాళీగా ఉంచలేరు. 'తర్వాత చేద్దాం' అన్న మాట ఏ భాషలో విన్నా నాకిప్పుడు వెన్నులో చలి పుడుతుంది. 1935 ఫిబ్రవరి 12 సాయంత్రం ఇక్కడికే తిరిగొస్తుండగా, మాంటెరే చేరకముందే పాయింట్ సర్ దగ్గర పక్క నుంచి ఒక గాలి కొట్టింది. ఊడిపోయింది సరిగ్గా ఆ పై రెక్కే.

అప్పుడు ఓడకి అధిపతి హెర్బర్ట్ వైలీ. ఆక్రన్‌లో బతికిన ముగ్గురిలో ఒకడు. మేకన్ మెల్లగా దిగి సముద్రం మీద వాలింది. ఈసారి అందరికీ జాకెట్లున్నాయి, రబ్బరు పడవలున్నాయి. 83 మందిలో 81 మంది బతికారు. 73 మంది చచ్చాక వచ్చిన జాకెట్లవి.

దాంతో అమెరికా నేవీ అలాంటి పెద్ద ఎయిర్‌షిప్‌లకి స్వస్తి చెప్పింది. అదే ఏడాది స్థావరాన్ని ఆర్మీకిచ్చేసింది, 1942లో మళ్లీ తీసుకుంది, 1994లో నాసాకి అప్పగించింది. హ్యాంగర్ రేకుల్లో విషపు రసాయనాలున్నాయని 2011, 2012లో పీకేశారు. ఏళ్ల తరబడి ఒట్టి ఎముకల గూడులా నిలబడింది. 2014లో గూగుల్ వాళ్ల కంపెనీ ఒకటి 60 ఏళ్ల లీజుకి తీసుకుంది, ఇప్పుడు కొత్త రేకులు వేశారు.

మేకన్‌లో పోయిన ఇద్దరిలో ఒకాయన ముందే పైనుంచి దూకేశాడు. రెండో ఆయన పేరు ఫ్లోరెంటినో ఎడ్కిబా. ఫిలిప్పీన్స్ మనిషి, మెస్‌లో వడ్డించే ఉద్యోగం. గువాం వెనకే చేతికొచ్చిన దేశమని చెప్పానే, అక్కణ్ణుంచి వచ్చినవాళ్లకి ఆ రోజుల్లో అమెరికా నేవీలో వంట, వడ్డన పనులు తప్ప దాదాపు వేరేవి ఇచ్చేవారు కాదు. ఎడ్కిబా ఓడలోంచి క్షేమంగానే బయటపడ్డాడు. తన సామాన్ల కోసం ఈదుకుంటూ మళ్లీ వెనక్కి పోయాడు.

ఇది ఎపిసోడ్‌లో చెప్పలేకపోయాను, గొంతు పట్టేసింది. మా క్యాంపులో ఒక రాత్రి షార్ట్ సర్క్యూట్ అయి పొగ కమ్మేసినప్పుడు అందరం బయటికి పరుగెత్తాం. గేటు దాకా వచ్చాక నేను వెనక్కి తిరిగాను. మంచం కింద రేకు పెట్టె ఉంది, అందులో చెల్లి పెళ్లికని దాచిన రియాళ్లు, నాన్న ఫొటో. నా చొక్కా పట్టుకుని ఆపింది పక్క రూములో ఉండే ఫిలిప్పీన్స్ అన్నే.